రేగి పెదవి

ఒకప్పుడు కుందేలు పై పెదవికి చీలిక ఉండేది కాదు. ఆవు పెదవిలాగే అదీ ఒకటే ముక్క. గుండ్రంగా, నున్నగా, ముందుకు కాస్త వేలాడుతూ ఉండేది. ఆ పెదవి అంటే కుందేళ్లకు భలే గర్వం. పొద్దున లేవగానే ముందుకాళ్లు నాకి తడిపి, మొదట పెదవి తుడుచుకుని, ఆ తరవాతే చెవుల సంగతి చూసేవి.

ఆ రోజుల్లో గుండ్లగుట్ట అని ఒక గుట్ట ఉండేది. దానికి తూర్పున పచ్చిక బయలు. కుందేలు నిలబడితే చెవులు మాత్రమే కనిపించేంత ఎత్తు గడ్డి. పడమట అంతా రాళ్లు. ఆ రాళ్ల సందుల్లో నేలకు అంటుకున్న గరిక, దాని మీద పాకే పల్లేరు ముళ్లు తప్ప ఇంకేమీ బతికేవి కావు. తూర్పు బయల్లో నలభై ఒక్క కుందేళ్లు ఉండేవి. పడమటి రాళ్లలోకి ఏదీ వెళ్లేది కాదు. వెళ్లాల్సిన అవసరం రాలేదు.

కుందేళ్లు ఏదో ఒక పొద కింద నేలను కాస్త గోకి, ఒంటికి సరిపడా పడక చేసుకుని ముడుచుకుంటాయి. ఏ పొద కింద పుడితే ఆ పొద పేరే బిడ్డకు పెట్టడం గుండ్లగుట్టలో ఆనవాయితీ. తుమ్మ చెట్టు కింద పుట్టిన తుమ్మయ్య వాటికి పెద్ద. బలుసు పొదలో పుట్టిన బలుసమ్మ ఆయనకు అక్క. ఆమె మాటకు తుమ్మయ్య కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఇక వెంపలి చెట్ల మధ్య పుట్టిన వెంపలి, ఆ ఏడు మొదటిసారి కడుపుతో ఉన్న చిన్నది.

అక్కడ ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. గ్రహణం పట్టినంతసేపూ కడుపుతో ఉన్న కుందేలు పడకలో కదలకుండా ఉండాలి. నమలకూడదు, ఒళ్లు విరవకూడదు, గోక్కోకూడదు. తల్లి గోరు కదిలితే బిడ్డ ఒంటి మీద గాటు పడుతుందని బలుసమ్మ చెప్పేది. ఆమెకు ఆమె అవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం సూర్యుడికి గ్రహణం పట్టింది. ఎండ పలచబడింది. పొదల కింద పడే ఎండ చుక్కలన్నీ నెలవంకల్లా వంగాయి. సాయంత్రమైందనుకుని కౌజు పిట్టలు గూళ్లకు పోయాయి. కడుపుతో ఉన్న పదకొండు కుందేళ్లూ పదకొండు పడకల్లో రాళ్లలా పడుకున్నాయి. బలుసమ్మ చీమల పుట్ట మీదికెక్కి కాపలా కూర్చుంది.

ఆమె కూర్చున్న పుట్టలోంచే ఒక ఎర్రచీమ బయటికి వచ్చింది. నడుచుకుంటూ వెళ్లి వెంపలి ఎడమ చెవిలో దూరింది.

వెంపలి ఓర్చుకుంది. చీమ కుట్టింది. వెంపలి పళ్లు బిగబట్టింది. చీమ ఇంకొంచెం లోపలికి వెళ్లి మళ్లీ కుట్టింది. అప్పుడిక తట్టుకోలేక వెనక కాలెత్తి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెవి గోక్కుంది.

బలుసమ్మ చూసింది.

నెలన్నర గడిచాక పదకొండు మందీ ఈనారు. వెంపలికి రేగు పొద కింద ఇద్దరు పుట్టారు. మగపిల్లకు రేగడు అని, ఆడపిల్లకు రేగి అని పేర్లు పెట్టింది. రేగడు అందరిలాంటి పిల్లే. రేగి పై పెదవి మాత్రం ముక్కు కింద నుంచి నోటి దాకా నిలువునా చీలి ఉంది. ఆ చీలికలోంచి రెండు చిన్న పళ్లు తెల్లగా కనపడుతున్నాయి.

మొదటి రెండు రోజులు రేగి సరిగా పాలు తాగలేకపోయింది. పట్టిన పాలు చీలికలోంచి జారిపోయేవి. వెంపలి ఎడమకు ఒరిగి చూసింది, కుడికి ఒరిగి చూసింది. చివరికి వెల్లకిలా సగం తిరిగి పడుకుంటే పాలు నేరుగా గొంతులోకి పోతున్నాయని కనిపెట్టింది. మూడో రోజుకి రేగి పొట్ట గుండ్రంగా అయ్యింది.

నాలుగో రోజు బలుసమ్మ పిల్లల్ని చూడటానికి వచ్చింది. రేగి మొహం చూసింది. అక్కడి నుంచి నేరుగా తుమ్మయ్య దగ్గరికి వెళ్లింది.

సాయంత్రానికి మంద అంతా చేరింది. వెంపలి గ్రహణంలో గోక్కుందని బలుసమ్మ చెప్పింది. గోక్కున్న మాట నిజమేనని వెంపలి ఒప్పుకుంది. చీలిక తమ పిల్లలకు అంటుకుంటుందేమోనని తక్కిన తల్లులు ఒకరి వెనక ఒకరు గొణిగారు. ఒకామె తన పిల్లల మూతులు అక్కడికక్కడే మళ్లీ తడిమి చూసుకుంది.

ఆ గుట్ట మీద కూర్మయ్య అనే మెట్ట తాబేలు ఉండేవాడు. వీపు మీద చుక్కలు, గీతలు. నూరేళ్లకు దగ్గర పడ్డ వయసు. చూసింది చూసినట్టు చెప్పడం, చూడనిది చెప్పకపోవడం ఆయన అలవాటు. అందుకని ఆయన్ని ఎవరూ ఎక్కువగా పిలిచేవారు కాదు. ఆ సాయంత్రం పిలవకుండానే వచ్చి, రెండు సందేహాలు ఉన్నాయన్నాడు.

"వెంపలి గోక్కున్నది చెవి. చీలింది పెదవి. అదెలా?"

గోరు చెవి దగ్గర మొదలై పెదవి దాకా జారి ఉంటుందని బలుసమ్మ జవాబు చెప్పింది.

"సరే. పక్కనే ఉన్న రేగడు కూడా ఆ కడుపులోనే ఉన్నాడు. అదే గ్రహణం, అదే గోరు. వాడి పెదవి ఎందుకు చీలలేదు?"

దీనికి బలుసమ్మ కాసేపు ఆలోచించింది. వాడు అటు తిరిగి పడుకుని ఉంటాడంది.

మంద అంతా తలూపింది. కూర్మయ్య తల లోపలికి లాక్కున్నాడు.

తుమ్మయ్య తీర్పు చెప్పాడు. చీలిక ఉన్న పిల్ల పచ్చికలో ఉండకూడదు. పడమటి రాళ్లలోకి పోవాలి. పెదవి కలిసిన రోజున తిరిగి రావొచ్చు. మగపిల్ల పెదవి బాగానే ఉంది కనుక వాడు మందలోనే ఉంటాడు, తక్కిన తల్లులు పాలిస్తారు, బలుసమ్మ పెంచుతుంది. తల్లి ఎటు పోతుందో తల్లి ఇష్టం, కానీ పిల్లతో పోతే మళ్లీ పచ్చికలో అడుగు పెట్టకూడదు.

ఇద్దరినీ తనతో పంపమని వెంపలి అడిగింది. కుదరదన్నారు. ఆమె చాలాసేపు ఆ ఇద్దరి మధ్యా కూర్చుంది. రేగడికి బలుసమ్మ ఉంటుంది, మందంతా ఉంటుంది. రేగికి తను తప్ప ఎవరూ లేరు. వెంపలి లేచి రేగడి చెవులు రెండూ నాకి, రేగి మెడ పట్టుకుని పడమటికి నడిచింది.

తూర్పుకీ పడమరకీ మధ్య బల్లపరుపు బండ ఒకటి ఉంది. అదే హద్దు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం వెంపలి ఆ బండ మీదికి వచ్చి కూర్చునేది. దూరంగా గడ్డిలో రెండు చిన్న చెవులు లేచి, ఇటు తిరిగి, కాసేపు అలాగే నిలబడేవి. ఆ చెవులు కనపడితే వెంపలి ఆ పూటకు బతికినట్టే.

రేగి రాళ్లలో పెరిగింది. తెలివి వచ్చాక, ఒక రోజు నీటిగుంట పక్కన మొహం చూసుకుని, కూర్మయ్యను వెతుక్కుంటూ వెళ్లింది.

"తాతా, నేనెందుకిలా పుట్టాను?"

కూర్మయ్య తొందరపడలేదు. తను చూసినవి చెప్పుకుంటూ వచ్చాడు. ఉడుము ఒక ఏడు బాగా కాగే బండ పక్కన గుడ్లు పెట్టింది. పిల్లల్లో రెండిటికి తోకలు వంకరగా వచ్చాయి. మరుసటి ఏడు నీడలో పెట్టింది, అన్నీ తిన్నగా వచ్చాయి. వేడి వల్ల అయి ఉండొచ్చు. ఒక జింక మేత దొరక్క, కడుపుతో ఉండగా ఏదో చేదు ఆకు తిన్నది. దాని పిల్ల ముందుకాళ్లు వంగి పుట్టింది. ఆకు వల్ల కావచ్చు. వాగు అవతల ముంగిసకు పాదానికి ఆరేసి వేళ్లు. వాళ్ల నాన్నకూ ఆరే, తాతకూ ఆరే. అది వంశంలో వస్తున్నది, ఎవరూ తెచ్చిపెట్టింది కాదు.

"ఇంకోసారి రెండు తలల పాము పిల్లను చూశాను. ఒక కప్ప దొరికితే ఆ రెండు తలలూ పోట్లాడుకునేవి. ఈలోగా కప్ప వెళ్లిపోయేది. దానికి వేడీ లేదు, చేదాకూ లేదు, వాళ్ల వంశంలో ఎవరికీ రెండు తలలు లేవు. ఎందుకలా పుట్టిందో నాకు తెలియదు."

"మరి నాది వీటిలో ఏది?"

"నీదీ తెలియదు."

"తెలియదంటే ఎలా తాతా? నువ్వు నూరేళ్లు చూశావు కదా."

"నూరేళ్లు చూశాను కాబట్టే తెలియదంటున్నాను. ఒకటి మాత్రం తెలుసు. మీ అమ్మ గోక్కున్నందుకు కాదు. ఆ రోజు పక్క పడకలో మరొకామె నిద్రలో రెండుసార్లు తన్నుకుంది. ఆమె పిల్లలు నీలా లేరు."

రేగి ఆ మాట అమ్మకు చెప్పింది. వెంపలి విని, కూతురి మూతి రెండు వైపులా నాకింది. ఆమె గుండెలో ఇన్నాళ్లూ కుడుతూ ఉన్న చీమ ఆ రోజుకి కుట్టడం మానింది. కానీ ఆ మాట మంద అనాలి. మంద అన్నప్పుడే కొడుకు దగ్గరికి దారి.

ఆ ఏడు వాన రాలేదు. పడమటి గాలిని అడిగితే, సముద్రం వైపు పోయి చూసొచ్చాననీ, ఒక్క మబ్బు కూడా బయలుదేరలేదనీ చెప్పింది. మరుసటి ఏడూ రాలేదు. తూర్పు బయల్లో గడ్డి మొదట చివర్లలో ఎండింది, తరవాత నడుమ విరిగింది, ఆ తరవాత గాలికి కొట్టుకుపోయింది. దాని వేళ్లు లోతుకు పోవు. అన్నేళ్లూ పోవాల్సిన అవసరం రాలేదు మరి.

రాళ్లలో గరిక మాత్రం చావలేదు. వేరు లోతున ఉంది. పైన మాత్రం చీమంత ఎత్తున, మట్టికి కరుచుకుని, చుట్టూ పల్లేరు ముళ్లు పరుచుకుని కూర్చుంది.

"రా, కొరుకు చూద్దాం" అంది గరిక, రేగిని చూసి. "ఆవు వచ్చింది, మట్టి నాకిపోయింది. తుమ్మయ్య కూడా ఒకనాడు దొంగతనంగా వచ్చాడు. పెదవి ఇంత లావు, నేనింత పొట్టి. నాకూ పళ్లకూ మధ్య వాళ్ల పెదవే అడ్డం. పల్లేరు గుచ్చుకుని కుయ్యోమంటూ పోయారు."

రేగి మూతి నేలకు ఆనించింది. చీలిన పెదవి రెండు తలుపు రెక్కల్లా చెరో పక్కకీ తొలిగింది. ఒక రెక్క ఈ ముల్లుకు ఇవతల, మరో రెక్క ఆ ముల్లుకు అవతల. మధ్యలోంచి పళ్లు నేరుగా మట్టి దాకా దిగాయి. కటుక్కుమని తెగింది గరిక.

గరిక తెగిన కొస ఎత్తి చూసుకుంది.

"ఎలా అందుకున్నావు?" అని అడిగింది.

"నాకు అడ్డం ఏమీ లేదు" అంది రేగి, నములుతూ.

"కొరికినంత కొరుక్కో. వేరు మాత్రం వదిలెయ్. వేరుంటే నేను మళ్లీ పాకుతాను."

వాళ్లిద్దరికీ ఒప్పందం కుదిరింది. అయితే వెంపలిది నిండు పెదవి. ఆమెకు గరిక అందదు. అందుకని రేగి మొదట తన కడుపు నింపుకుని, తరవాత గరిక కొరికి, పక్కన బండ మీద కుప్ప పోసేది. కుప్పలోంచి తీసుకు తినడానికి ఎలాంటి పెదవైనా సరిపోతుంది. చుట్టూ కరువు కాటేస్తుంటే ఆ తల్లీకూతుళ్ల ఒళ్లు మాత్రం నున్నగా మెరిసింది.

ఒక సాయంత్రం వెంపలి బల్లపరుపు బండ మీద కూర్చుని ఉండగా చెవులు లేవలేదు.

చూపుకు అడ్డంగా ఇప్పుడు గడ్డి కూడా లేదు. దూరంగా బయలంతా బోడిగా ఉంది. అక్కడ కుందేళ్లు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. వాటిలో రేగడు ఎవరో కూడా తెలియడం లేదు. వెంపలి బండ దిగబోయింది. దిగితే తుమ్మయ్య ఇక రేగడిని ఎప్పటికీ చూడనివ్వడని ఆగింది. మళ్లీ దిగబోయింది.

రేగి అమ్మను చూసింది. రాళ్లలోకి పరుగెత్తి, నోటినిండా గరిక కొరుక్కుని, హద్దు దాటి తూర్పుకి వెళ్లింది.

రేగడు బలుసమ్మ పడకలో ఉన్నాడు. ఒంట్లో ఎముకలు కనపడుతున్నాయి. అయినా ఊపిరి ఉంది. పక్కనే బలుసమ్మ. ఆమె ఇంకా చిక్కిపోయింది. మూడు రోజులుగా తనకు దొరికిన ఎండు పుడకలన్నీ వాడికే పెట్టిందని తరవాత తెలిసింది. రేగి గరికను అన్న ముందు పెట్టింది. వాడు కళ్లు తెరవకుండానే నమలడం మొదలుపెట్టాడు.

బలుసమ్మ మాత్రం కళ్లు తెరిచింది. చూపు ఆనక మూతి దగ్గరికి తెచ్చి చూసింది.

"ఎవరే నువ్వు, రేగివా? పెదవి కలిసిందా?"

"కలవలేదవ్వా. కలిసుంటే ఈ గరిక తెచ్చేదాన్నే కాదు" అని, సగం కుప్ప ఆమె వైపు జరిపింది.

బలుసమ్మ తినాలా వద్దా అన్నట్టు ఆ కుప్ప వైపు చూసింది. తరవాత తిన్నది. తిన్నాక లేచి కూర్చుని తమ్ముడిని పిలిచింది.

మరునాడు పొద్దున్నే మంద హద్దు దాటింది. అప్పటికి ముప్పై ఆరు మిగిలారు. నడవలేని ముసలివాళ్లను మధ్యలో పెట్టుకుని వచ్చారు. ముందు తుమ్మయ్య, చివర రేగడు. బల్లపరుపు బండ దగ్గర వెంపలి నిలబడి ఉంది. రేగడు ఆమెను చూసి వరస తప్పి పరుగెత్తాడు. రెండేళ్ల తరవాత ఆమె వాడి చెవులు మళ్లీ నాకింది. వరస ఎందుకు తప్పావని ఎవరూ వాడిని అడగలేదు.

రేగి పని మొదలుపెట్టింది. పొద్దున నుంచి ఎండ ముదిరేదాకా కొరికేది, మళ్లీ చల్లబడ్డాక కొరికేది. బండల మీద కుప్పలు లేచేవి. రేగడు వాటిని ముసలివాళ్లకు మోసేవాడు. వేళ్లు తెగకుండా చూసి, గరికకిచ్చిన మాట కూడా రేగి నిలబెట్టుకుంది. గరిక దాని మాట అది నిలబెట్టుకుంది. మంచు తడికే ఒక రాత్రిలో జానెడు పాకేది.

తను కూడా కొరకగలనని తుమ్మయ్య పట్టుబట్టాడు. అందరి ముందూ వంగాడు. లేచేసరికి పెదవికి రెండు పల్లేరు కాయలు వేలాడుతున్నాయి. వాటిని రేగే తన పళ్లతో మెల్లగా ఊడదీసింది. మంద నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. కూర్మయ్య కష్టపడలేదు, నవ్వేశాడు.

ఆ కరువులో ఆ తరవాత ఒక్క కుందేలూ చావలేదు.

మూడో ఏడు వాన వచ్చింది. తుమ్మయ్య మందను పిలిచి తీర్పు ఎత్తేశాడు. రేగి ఎక్కడైనా ఉండొచ్చు, ముందు వరసలో నడవొచ్చు అన్నాడు. వెంపలి ముందుకు వచ్చి, నా గోరు వల్ల ఇది జరగలేదని ఒక్క మాట చెప్పండి చాలు అంది.

తుమ్మయ్య ఆశ్చర్యపోయాడు. "అదేం మాటమ్మా? నీ గోరు వల్లే కదా మేమంతా బతికాం. ఎంత మంచి గోకుడు గోక్కున్నావు తల్లీ."

తల్లులందరూ ఔనన్నారు. ఏ చెవి, ఏ కాలితో గోక్కున్నావు, పైనుంచి కిందికా, కిందినుంచి పైకా అని చుట్టూ మూగి అడిగారు. ఒకామె నేల మీద చిన్న చిన్న గీతలు పెట్టి గుర్తుంచుకుంది. తిట్టినప్పుడైనా, పొగిడినప్పుడైనా ఎవరూ వెంపలి మాట వినడం లేదు.

ఆ చలికాలంలో సూర్యుడికి మళ్లీ గ్రహణం పట్టింది. ఈసారి కడుపుతో ఉన్నవాళ్లు పధ్నాలుగు మంది. ఎండ పలచబడటం ఆలస్యం, పదమూడు మంది పడకల్లోంచి బయటికి దూకారు. ఎగిరారు, దొర్లారు, దొరికింది నమిలారు. ఎడమ చెవి గోక్కున్నారు, నమ్మకం చాలక కుడి చెవి కూడా గోక్కున్నారు. బలుసమ్మ చీమల పుట్ట మీదికెక్కి, ఇంకా గట్టిగా, పెదవి దాకా జారాలి అని దగ్గరుండి నేర్పింది. చీమల్ని పట్టి చెవుల్లో వేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

సూర్యుడు మిగిలిన ముక్కలోంచి కిందికి చూశాడు.

"నేను కాసేపు పక్కకు తప్పుకుంటే చాలు, మీ ఇళ్లలో జరిగేవన్నీ నా మీద పెడతారు. పోయినసారి అందరూ పీనుగుల్లా పడుకున్నారు. ఈసారి ఈ గంతులేమిటి?"

ఎవరూ వినిపించుకోలేదు. తీరిక లేదు.

పధ్నాలుగో ఆమె రేగి. ఆమె కూడా అప్పటికి కడుపుతో ఉంది. ఆ పొద్దున చాలా గరిక కొరికి అలిసిపోయింది. గ్రహణం పట్టింది, విడిచింది. రేగి తన పడకలో ఒక్క వెంట్రుక కదలకుండా నిద్రపోయింది. పక్కన తాబేలు కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

నెలన్నర గడిచింది. పదమూడు మంది తల్లులకు ఇరవై ఆరు మంది పిల్లలు పుట్టారు. బలుసమ్మ పొద పొదకీ తిరిగి ఇరవై ఆరు మూతులూ తడిమింది. ఇరవై ఆరూ నిండు పెదవులే. చెవులు మాత్రం కొందరు తల్లులకు వాచి ఉన్నాయి.

చివరికి రేగి పడక దగ్గరికి వచ్చింది. ముగ్గురు పిల్లలు. ఒకడి పెదవి నిండుగా ఉంది. మిగతా ఇద్దరి పెదవులు ముక్కు కింద నుంచి నోటి దాకా, రెండు తలుపు రెక్కల్లా, చక్కగా చీలి ఉన్నాయి. వెంపలి పక్కనే కూర్చుని, పాలు జారిపోకుండా ఎలా ఒరగాలో కూతురికి చూపిస్తోంది.

"ఇప్పుడు కొంచెం తెలిసింది" అన్నాడు కూర్మయ్య. "ఎందుకు మొదలైందో ఇప్పటికీ తెలియదు. నీతో మొదలైంది, నీ పిల్లలకు వచ్చింది. ముంగిస వేళ్లలాగా."

బలుసమ్మ ఆ మూడు మూతులూ మరోసారి తడిమింది. ఆ తరవాత వయసును లెక్కచేయకుండా చీమల పుట్ట ఎక్కింది. మంద అంతా తలెత్తి చూసింది. ఆమె గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"గ్రహణంలో గోక్కున్న పదమూడు మందికీ చీలిక రాలేదు. కదలకుండా పడుకున్న దానికి వచ్చింది. వెంపలి గోరు ఏమీ చేయలేదు. అప్పుడూ చేయలేదు. నేను తప్పు చెప్పాను. మా అవ్వ కూడా తప్పే చెప్పింది."

తుమ్మయ్య లేచి నిలబడ్డాడు. ఆయన వెనక మంద లేచి నిలబడింది. వెంపలి కోసం అందరూ వెనక కాళ్లతో నేలను దబదబా కొట్టారు. కుందేళ్లకు అంతకు మించిన మర్యాద లేదు. ఆ చప్పుడు పడమటి రాళ్ల దాకా వినపడి, గరిక ఉలిక్కిపడింది. వెంపలి ఆ చప్పుడంతా అయ్యేదాకా ఆగింది. ఆ తరవాత తీరిగ్గా వెనక కాలెత్తి, హాయిగా, రెండు చెవులూ గోక్కుంది.

ఆ తరవాత ఎన్ని కరువులు వచ్చాయో కూర్మయ్య పిల్లల పిల్లలు చెప్పాలి. కరువు వచ్చిన ప్రతిసారీ రేగి వంశం వాళ్లు కడుపునిండా తిన్నారు, పిల్లల్ని కన్నారు. సంబంధం కలుపుకోవడానికి అందరూ మొదట మూతి చీలిక చూసేవాళ్లు. నిండు పెదవి ఉన్న పిల్ల పుడితే, పాపం, వీడికి ఎవరైనా గరిక కొరికి పెట్టాలి అని ఆ ఇంటివాళ్లు జాగ్రత్తగా చూసుకునేవాళ్లు. మెల్లమెల్లగా అలాంటి పిల్లలు పుట్టడం తగ్గింది. ఒకనాటికి ఆగిపోయింది.

అప్పటినుంచే కుందేలు పై పెదవి రెండు రెక్కలుగా చీలి ఉంటోంది. ఎంత పొట్టి గరికనైనా, ఎన్ని ముళ్ల మధ్యనున్నా, మట్టి దగ్గర కొరికి తింటోంది. సూర్యుడికి గ్రహణం పట్టినా సరే, ఆ పెదవి మాత్రం ఒక్క క్షణం కూడా కదలడం మానదు.